హిమాలయ శిఖరములు, సరస్సులు - వాని పుణ్యనామములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇబ్రహీంపట్నమునుండి కృష్ణ వెంబడి దిగువకు పోయినచో విజయవాడయొద్ద నదిని ఆనుకొని యున్న కొండ ఇంద్రకీలాద్రి. అర్జునుడు తపము చేసి పాశుపతాస్త్రమును పొందిన చోటు అదియే యని ఈ ప్రాంతమువారి విశ్వాసము. విజయుని పేరుమీదనే విజయవాడ వెలసినదని స్థలపురాణము చెప్పుచున్నది. అయితే వ్యాసభారతమున అరణ్యపర్వమును తెరచి చూచినవారికి మరియొక సంగతి కనబడును. అందు అర్జునుడు హిమవంతమును, గంధమాదనమును దాటి ఇంద్రకీలమును చేరినట్లున్నది. అనగా ఒకే పేరు గల కొండ ఒకటి మంచుసీమలోను, ఒకటి కృష్ణ యొడ్డునను ఉన్నవి. వీనిలో ఏది అసలు, ఏది నకలు అని వాదించుటవలన ప్రయోజనము లేదు. పేరు మనుష్యులతో కూడ నడచును. వేయి మైళ్ళ కావల నున్న మంచుకొండ పేరును తమ యేటి యొడ్డున నున్న కొండకు పెట్టుకొన్న పూర్వులు ఆ హిమాలయమును తమ ఊరి పొలిమేరకు తెచ్చుకొన్నవారైరి.

ఆంధ్రదేశమున మంచుకొండలు లేవు. ఆంధ్రప్రదేశములోని ఎత్తైన కొండలలో నొకటి యగు అర్మకొండ, సీతమ్మకొండ యని కూడ దానిని పిలుతురు, సుమారు 1,680 మీటర్ల ఎత్తు మాత్రమే. అయినను ఆంధ్రులకు హిమాలయము పరాయిది కాలేదు. గ్రంథాలయమున మనుచరిత్రమును చదివిన ప్రతి పాఠకుడును ప్రవరునితో కూడ ఒకమారు అచటికి పోయి వచ్చినవాడే. సిద్ధుడిచ్చిన పాదలేపముతో క్షణములో మంచుకొండ చేరిన ఆ గృహస్థు, లేపము మంచునీటికి కరగిపోగా ఇల్లు చేరు దారి తెలియక నిలిచిపోయెను. కథ కల్పితమైనను అందులో ఒక యెరుక కలదు. ఆ కొండలకు పోవుట ఒకటి, తిరిగి వచ్చుట వేరొకటి. పెద్దనామాత్యుడు మంచును చూచి యుండెనో లేదో గాని, మంచు చేయు పనిని మాత్రము సరిగా పట్టుకొన్నాడు.

ఇక ఆ శిఖరముల పేరులను విన్నచో పల్లెటూరి వీథిలో పిల్లలను పిలుచుచున్నట్లే యుండును. అన్నపూర్ణ 8,091 మీటర్లు. నందాదేవి 7,816. చౌఖంబా 7,138. గౌరీశంకరము 7,134. త్రిశూలము 7,120. కైలాసము 6,638. నీలకంఠము 6,596. మీటరు మూడు అడుగుల మూడు అంగుళములకు కొంచెము ఎక్కువ గనుక అన్నపూర్ణ యెత్తు ఇరువదియారు వేల అయిదు వందల అడుగులను మించినది. ఈ కృష్ణా గోదావరీ డెల్టాలను కూడ అన్నపూర్ణ యనుట వాడుక. పేరొకటే యైనను స్వభావములు వేరు. 1950 జూన్ 3వ తేదీన ఫ్రెంచివారు ఎర్జోగ్, లాషెనాల్ అనువారు హిమాలయపు అన్నపూర్ణను ఎక్కిరి. ఎనిమిది వేల మీటర్లకు పైబడిన శిఖరమును మానవుడు మొట్టమొదట ఎక్కినది అప్పుడే. దిగివచ్చునప్పటికి ఇరువురికిని కాళ్ళవ్రేళ్ళు మంచుకు చచ్చిపోయినవి. ఎర్జోగ్ చేతివ్రేళ్ళను కూడ పోగొట్టుకొనెను. అటు పిమ్మట ఆ కొండను ఎక్కబోయి మరణించినవారు, ఎక్కినవారి లెక్కతో పోల్చి చూడగా, మిగిలిన ఎత్తైన శిఖరములకంటె చాల ఎక్కువ. అట్టి కొండకు అన్నము పెట్టు తల్లి పేరేల వచ్చెను? పేరు పెట్టినవారు దానిని ఎక్కినవారు కారు, దాని క్రింద నాగలి పట్టినవారు. ఆ మంచు కరగి దిగువ మడులకు నీరు వచ్చుచుండగా చూచినవారు. కొండ కొమ్మునుండి చూచిన పేరు వేరుగా నుండెడిది.

అన్నపూర్ణకు ప్రక్కనే పారు కాళీగండకి వలన ఆ సీమ తునకలు డెల్టా పల్లెలకు ఎన్నడో వచ్చి చేరినవి. దేవాలయములందును, కొన్ని ఇండ్ల పూజామందిరములందును ఉండు సాలగ్రామములు ఆ నదిలో దొరకునవే. వానిలో కనబడు చక్రము వంటి రేఖలు కోట్ల యేండ్ల క్రిందట సముద్రములో బ్రతికిన ఒకజాతి గవ్వపురుగు గుర్తులని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. హిమాలయమున్న చోట ఒకప్పుడు సముద్రముండెను. భారత భూఖండము ఉత్తరమునకు జరిగి ఆసియాతో ఒరసికొనగా ఆ సముద్రపు అడుగు పైకి లేచి పర్వతమైనది. అభిషేక జలముతో తడియు ఆ నల్లని రాయి ఒకప్పటి సముద్రపు బురద యని తెలిసినంత మాత్రమున పూజకు లోటు రాదు. తెలియకపోయినచో మాత్రము చదువునకు లోటే.

ఈ పేరులలో నందాదేవి కథ తక్కినవానికంటె విస్తరముగా చెప్పదగినది. గఢవాల్, కుమావు సీమలవారికి ఆమె దేవత మాత్రమే కాదు, ఇంటి ఆడబిడ్డ. భర్తయైన శివుని యింటికి ఆమెను సాగనంపుటకై పండ్రెండేండ్లకొకమారు జరుగునది నందాదేవి రాజజాత అను యాత్ర. నౌటీ గ్రామమునుండి బయలుదేరి, నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడువగా, జనులు సుమారు మూడు వారములు కొండలెక్కి పోవుదురు. చివరకు హోమకుండమను చోట ఆ పొట్టేలును మంచుకొండల వైపు విడిచిపెట్టి కన్నీటితో వెనుకకు మరలుదురు. తెలుగింట అప్పగింతలనాటి ఏడుపు ఎరిగినవారికి ఈ యాత్ర యొక్క భావమును వివరింప పనిలేదు. ఇటీవలి యాత్రలు 2000లోను, 2014లోను జరిగినవి.

ఆ దారిలోనిదే సుమారు అయిదువేల మీటర్ల యెత్తున నున్న రూపకుండము. అత్తవారింటికి పోవుచున్న నందకు దప్పిక కాగా శివుడు త్రిశూలముతో నేలను పొడిచి నీరు తెప్పించెననియు, ఆమె ఆ నీటిలో తన రూపము చూచుకొన్నదనియు కథ. సరస్సు చిన్నది, ఒక కోనేరంత. 1942లో అటవీ శాఖ ఉద్యోగి యొకడు దాని యొడ్డున వందలకొలది మనుష్యుల యెముకలను చూచెను. కనోజు రాజు పరివారముతోను, ఆటకత్తెలతోను యాత్రకు వచ్చి దేవి కోపమునకు గురియై వడగండ్ల వానలో నశించెనని అచటి జనులు తరతరములుగా పాడుకొనుచున్నారు. కొన్ని పుఱ్ఱెలమీద పైనుండి గుండ్రని బరువు వస్తువు పడినట్టి దెబ్బలు కనబడుటచే వడగండ్ల మాట పూర్తిగా కల్ల కాదని పరిశోధకులు తలచిరి. 2019లో ప్రకటింపబడిన పరిశోధన మరియొక వింతను బయలుపెట్టెను. ముప్పది యెనమండుగురి యెముకలను పరీక్షింపగా వారందరు ఒక్కమారు మరణించినవారు కారని తేలెను. కొందరు వేయి సంవత్సరములకు పూర్వపువారు, కొందరు సుమారు 1800 ప్రాంతమువారు. ఈ రెండవ గుంపులో పెక్కురు మధ్యధరా సముద్రపు తూర్పు తీరమువారిని పోలినవారు. పాటలో ఒక గుంపు కథయే నిలిచినది. ఎముకలు పలు గుంపుల కథ చెప్పినవి.

నందాదేవి శిఖరమును 1936లో ఆంగ్లేయులైన టిల్మన్, ఓడెల్ అనువారు ఎక్కిరి. 1949లో ఆ కొండను చూచి ముగ్ధుడైన విల్లీ అన్సోల్డ్ అను అమెరికా పర్వతారోహకుడు తనకు కుమార్తె పుట్టినచో ఆ పేరే పెట్టెదనని సంకల్పించుకొని, అట్లే పెట్టెను. ఆ నందాదేవి అన్సోల్డ్ ఇరువది రెండేండ్ల వయసున తండ్రితో కూడ 1976లో తన పేరింటి కొండను ఎక్కవచ్చెను. సుమారు 24,000 అడుగుల యెత్తున, గుడారములో, తండ్రి యెదుటనే ప్రాణము విడిచెను. ఆమెను ఆ కొండయందే మంచులో విడిచి తక్కినవారు దిగివచ్చిరి. ఈ సంగతిని దేవతా మహిమగా చెప్పువారు కలరు. ఇది మహిమయని చెప్పుటకంటె ఆ తండ్రి దుఃఖమును తలచుకొనుట మేలు.

ఇంతకంటె ముందు 1965లో చైనా అణుపరీక్షలను కనిపెట్టు నిమిత్తము భారత, అమెరికా గూఢచారి శాఖలవారు ప్లుటోనియముతో పనిచేయు యంత్రమొకటి ఆ కొండమీదికి మోయించిరి. తుపాను రాగా దానిని నడిదారిలో విడిచి వచ్చిరి. మరుసటి యేట పోయి చూచునప్పటికి అది కనబడలేదు. గంగలోకి నీరిచ్చు కొండమీద జరిగిన ఈ పనిని 1978లో ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి లోక్ సభలో ఒప్పుకొనవలసి వచ్చెను. 1980ల ఆరంభమున నందాదేవి లోపలి లోయను యాత్రికులకును, ఆరోహకులకును మూసివేసిరి. 1988లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. మూయుటకు కారణము దేవత పేరు కాదు, మనుష్యులు విడిచిన చెత్తయు, నరికిన చెట్లును.

పేరుల తగవులలో మిక్కిలి పెద్దది ఎవరెస్టుది. ఆ తగవునకు తెలుగుసీమతో కొంత చుట్టరికము కలదు. 1802లో మద్రాసునొద్ద లాంబ్టన్ అను సైనికోద్యోగి భూమిని త్రికోణములుగా విభజించి కొలుచు మహాకార్యమును మొదలిడెను. 1818లో అతనికి సహాయకుడుగా హైదరాబాదు చేరిన యువకుడు జార్జి ఎవరెస్టు. అతనికి అప్పగింపబడిన మొదటి పనులలో ఒకటి కృష్ణా గోదావరుల నడిమి అడవిసీమను కొలుచుట. వానకాలపు చలిజ్వరమునకు అతడును, అతని పరివారమును మంచమెక్కిరి. అతడు ఆరోగ్యమునకై ఆఫ్రికా దక్షిణపు కొసకు పోవలసి వచ్చెను. తిరిగి వచ్చి, లాంబ్టన్ అనంతరము ఆ కొలతను హిమాలయముల వరకు నడిపించి, 1843లో పదవి విడిచి స్వదేశమునకు పోయెను. ప్రపంచమున మిక్కిలి ఎత్తైన కొండ పేరుగా నిలిచిన ఆ నామధేయుడు తెలుగు అడవులలోని దోమకాటు ఎరిగినవాడన్నమాట.

శిఖరము యొక్క యెత్తు గణితము వేసి తేల్చినది అతడు కాదు. 1852లో, అనగా విజయవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పని మొదలైన యేట, సర్వే శాఖలో గణకుడైన వంగదేశీయుడు రాధానాథ సిక్దార్ నాయకత్వమున జరిగిన గణితమునుబట్టి, అంతవరకు పదునైదవ శిఖరమని అంకెతో పిలువబడిన ఆ కొండయే అన్నిటికంటె ఎత్తైనదని తెలిసెను. 1856లో ప్రకటింపబడిన యెత్తు 29,002 అడుగులు. అప్పటి సర్వే అధికారి ఆండ్రూ వా దానికి తన పూర్వాధికారి పేరు పెట్టవలెనని కోరెను. స్థానికుల పేరునే పటములందు వ్రాయవలెనన్నది ఆ శాఖయొక్క నియమము. ఆ కొండకు స్థానిక నామమేదియు దొరకలేదని వా చెప్పెను. జార్జి ఎవరెస్టే దీనికి అడ్డుచెప్పెను. తన పేరు ఈ దేశపు లిపులలో వ్రాయుటకు కుదరదనియు, ఈ దేశస్థులు పలుకజాలరనియు అతని వాదము. పెద్దమనుష్యుని మాటయే గాని, తుదకు 1865లో అతని పేరే స్థిరపడెను.

ఇంతలో ష్లాగింట్‌వైట్ అను జర్మను యాత్రికుడు నేపాళములో ఆ కొండను గౌరీశంకరమందురని వ్రాయగా, జర్మను పటములలో అర్ధశతాబ్దము వరకు ఎవరెస్టు స్థానమున గౌరీశంకరము నిలిచెను. 1903లో కెప్టెన్ వుడ్ స్వయముగా పోయి చూచి అవి రెండును వేర్వేరనియు, వాని నడుమ ముప్పదియారు మైళ్ళ దూరము కలదనియు తేల్చెను. అసలు పేరు లేదనుట నిజము కాదు. ఉత్తరపు వైపువారైన టిబెట్టు జనులు దానిని ఎన్నడో చోమోలుంగ్మా యనిరి. జగన్మాత యని దానికి అర్థము చెప్పుదురు. సాగరమాత యని తెలుగువారు పొరపాటున అనుకొను సగరమాథా నేపాలీ పేరు. ఆకాశపు నుదురు అని అర్థము. దానిని వాడుకలోనికి తెచ్చినవాడు 1930ల చివర చరిత్రకారుడు బాబురామ ఆచార్య. 2020 డిసెంబరు 8న చైనా, నేపాల్ ప్రభుత్వములు కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించినప్పుడు ఈ రెండు పేరులనే వాడిరి.

చోమోలుంగ్మా వైపునుండియే 2014 మే 25న ఇద్దరు తెలుగు పిల్లలు ఆ కొన చేరిరి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగవ యేడు నిండలేదు. రెండవవాడు ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి మొదటి అభ్యాసము భువనగిరి రాతికొండమీద. ఇట్లే నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో నూట డెబ్బదిరెండు దినములలో ఏడు ఖండముల యెత్తైన శిఖరములను ఎక్కి, 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ మంచులో ప్రాణము విడిచెను. ప్రవరుని లేపము వీరికి లేదు.

ఎక్కుట వలెనే ఎక్కకుండుట కూడ ఈ కొండల చరిత్రలో ఒక భాగము. కైలాసమును ఇంతవరకు ఎక్కినవారు లేరు. హిందువులకు శివుని నెలవు. జైనులకు మొదటి తీర్థంకరుడు ముక్తి పొందిన అష్టాపదము. టిబెట్టు బౌద్ధులకు కాంగ్ రింపోచే, మంచు మణి. బౌద్ధమునకు పూర్వపుదగు బోన్ మతస్థులకును అది పుణ్యస్థలమే. తక్కినవారు కుడిచేతివైపుగా ప్రదక్షిణము చేయగా వారు ఎడమచేతివైపుగా తిరుగుదురు. యాబది రెండు కిలోమీటర్ల ఆ దారిలో ఇరువురును ఎదురుపడి నమస్కరించుకొని తప్పుకొని పోవుదురు. నాలుగు మతములవారు ఒక కొండచుట్టు తిరుగుచు దానిమీద కాలు పెట్టకుండుట సామాన్యము కాదు. సిక్కిములోని కాంచనజంగ విషయము ఇంకొక విధము. పేరునకు మహాహిమము యొక్క అయిదు నిధులని అర్థము. 1955 మే 25న దానిని ఎక్కిన బ్రౌన్, బాండ్ అను ఆంగ్లేయులు సిక్కిము రాజునకిచ్చిన మాట ప్రకారము కొనకు కొన్ని అడుగుల క్రిందనే ఆగి వెనుకకు తిరిగిరి. తరువాత పోయిన పెక్కురు ఆ మర్యాదను పాటించిరి. 1957లో నేపాళమున మచ్ఛపుచ్ఛరే యను మత్స్యపుచ్ఛ శిఖరముమీద మరియొక బృందము కొనకు సుమారు నూటయేబది అడుగుల దిగువన నిలిచిపోయెను. ఆ కొండ నేటికిని ఆరోహకులకు నిషిద్ధమే. ఇన్ని వేల మైళ్ళు వచ్చి, ప్రాణములకు తెగించి, చివరి పది బారల దూరమును విడిచి వచ్చుట ఎక్కుటకంటె కష్టమేమో.

ఇక సరస్సుల మాట. మానస సరోవరము సుమారు 4,590 మీటర్ల యెత్తున నాలుగు వందల చదరపు కిలోమీటర్లకు మించిన తియ్యనీటి సరస్సు. బ్రహ్మ మనస్సునుండి పుట్టినదని దాని పేరు. ప్రక్కనే ఉప్పునీటి రాక్షసతాలము, రావణుడు తపము చేసిన చోటట. సింధువు, శతద్రువు, బ్రహ్మపుత్ర, కర్ణాలి యను నాలుగు నదులు ఆ పరిసరములనుండియే పుట్టి నాలుగు దిక్కులకు పోవుచున్నవి. బదరీనాథమునకు పైన సతోపంత సరస్సు త్రికోణాకారముగా నుండును. ఏకాదశినాడు దాని మూడు మూలల త్రిమూర్తులు స్నానము చేయుదురని అచటివారు చెప్పుదురు. పాండవులు స్వర్గమునకు పోయిన దారి అదియేనట. నేపాళపు గోసాయికుండము హాలాహలము మ్రింగిన శివుడు తాపమార్చుకొన్న చోటు, త్రిశూలీ నదికి పుట్టినిల్లు. హేమకుండము సిక్కులకు గురు గోవిందసింగు పూర్వజన్మ తపోభూమి, హిందువులకు లక్ష్మణుని లోకపాలము. సిక్కిము ఉత్తరపు కొసన పదునేడు వేల అడుగుల యెత్తున నున్న గురుదోంగ్‌మార్ పద్మసంభవుని పేరిటిది. ఆయన చేయి తాకినచోట శీతకాలమునను నీరు గడ్డకట్టదని నమ్మకము.

ఈ సరస్సులు ఎట్లేర్పడునో కొంచెము చూడవలెను. చెరువు క్రింద వ్యవసాయము చేసినవారికి ఇది సులభముగా బోధపడును. మంచు ఏండ్ల తరబడి పేరుకొని, తన బరువుచే తానే గట్టిపడి, కొండ వాలున మెల్లగా క్రిందికి జరుగును. అది హిమానీనదము. జరుగునప్పుడు అడుగున నున్న రాతిని ఒరసి పిండి చేసి, ఆ రాళ్ళను మట్టిని ముందుకును ప్రక్కలకును నెట్టి గట్లవలె పోయును. ఎండలు ముదిరి హిమానీనదము వెనుకకు తగ్గినప్పుడు గట్టునకును మంచునకును నడుమ గుంట మిగులును. అందు కరగిన నీరు నిలుచును. అదియే సరస్సు. చూచుటకు చెరువే. కాని ఆ కట్టను ఎవరును త్రొక్కించి గట్టిచేయలేదు. దానికి రాతికట్టడము లేదు, తూము లేదు, అలుగు లేదు. కట్ట కడుపులో రాళ్ళనడుమ మంచుగడ్డలుండును. అవి కరగినచో కట్ట గుల్లయగును. పైనుండి ఒక మంచుచరియ విరిగి నీటిలో పడినచో కెరటము కట్టమీదుగా పొరలి దానిని కోసివేయును. అలుగులేని చెరువు నిండిన రాత్రి రైతు నిద్రపోడు. అట్టి చెరువులు హిమాలయములందు వేలకొలది కలవు.

కేదారనాథ దేవాలయమునకు సుమారు రెండు కిలోమీటర్ల పైన చోరాబారీ యను సరస్సుండెను. 1948లో గాంధీజీ అస్థికలను కొంత అందు కలిపిరి. నాటినుండి దానికి గాంధీ సరోవరమని పేరు వచ్చెను. హిమాలయమున పుట్టిన పుణ్యనామములలో ఇది కడు క్రొత్తది. పెద్ద లోతు గల సరస్సు కాదు. 2013 జూన్ 15, 16 తేదీలలో ఇరువదినాలుగు గంటలలో అచట 325 మిల్లీమీటర్ల వాన కురిసెను. పైన మంచు కరగుచుండుటయు, వాన తోడగుటయు, నీరు పోవుటకు సరియైన దారి లేకుండుటయు కలిసి, 17వ తేదీ తెల్లవారిన కొంతసేపటికి ప్రక్కగట్టు తెగెను. నిమిషములలో సరస్సు ఖాళీయయ్యెను. అంతకు ముందటి సాయంకాలమే మందాకిని ఊరిని ఒకమారు ముంచి యుండెను. యాత్రాకాలము గనుక సత్రములు నిండి యున్నవి. ఉత్తరాఖండమంతట మృతులును, జాడ తెలియనివారును కలిసి అయిదువేలకు మించిరి. తెలుగు జిల్లాలనుండి పోయిన యాత్రికులు పెక్కుమంది ఆ కొండలలో చిక్కుకొనిరి. ఇంటికడ టెలిఫోను ప్రక్కన కూర్చుండి కబురుకై చూచిన రాత్రులు అనేక కుటుంబములకు తెలిసినవే.

ఆ వరదలో కొట్టుకొని వచ్చిన ఒక మహాశిల దేవాలయము వెనుక నిలిచిపోయి నీటిని రెండు పాయలుగా చీల్చెను. గుడి నిలిచినది. ఆ బండకు భీమశిల యని పేరు వచ్చినది. పేరులు ఎట్లు పుట్టునో చదువదలచినవారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకదు. అయితే ఆ పూట నిలిచిన బండకు పేరు దొరకినంత త్వరగా, తెగిన కట్టకు కారణము జనుల నోట నిలువలేదు. హోటళ్ళు, సత్రములు నది పాత పడకలోనికే దిగియుండెనన్న మాట చెప్పినవారు అప్పుడును కొలదిమందియే.

2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి సిక్కిములో దక్షిణ లోనక్ సరస్సు కూడ ఇట్లే తెగెను. ప్రక్కనున్న గట్టు చరియ విరిగి నీటిలో పడగా లేచిన కెరటము కట్టను కోసెను. దిగువన చుంగ్‌థాంగు వద్ద తీస్తామీద నిర్మించిన అరువది మీటర్ల యెత్తు గల విద్యుత్ ఆనకట్ట ఆ రాత్రియే కొట్టుకొనిపోయెను. ఈ ప్రాంతమువారికి ఆ రాత్రిని ఊహించుట కష్టము కాదు. మరుసటి యేడే, 2024 సెప్టెంబరు మొదటి దినములలో, కొండపల్లి ప్రక్కన బుడమేరు మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడి విజయవాడలో కొన్ని పేటలు దినముల తరబడి నీటిలో నున్నవి. అదే సమయమున ప్రకాశము బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. అది వాననీరు, ఇది మంచునీరు. కట్ట తెగునప్పుడు రెండును ఒక్కటే.

హిమాలయ సరస్సులను లెక్కించు పని నేడు తెలుగు నేలమీదనే జరుగుచున్నది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహములు తీసిన చిత్రములనుబట్టి సింధు, గంగా, బ్రహ్మపుత్ర నదీ ప్రాంతములలో హిమానీనదపు సరస్సులను గుర్తించి పటములు ప్రకటించిరి. సింధు ప్రాంతమున 5,335, గంగా ప్రాంతమున 4,707, బ్రహ్మపుత్ర ప్రాంతమున 18,001. అన్నియు కలిసి 28,043. వీనిలో భారతదేశపు సరిహద్దు కావలివి కూడ కలవు, నీరు సరిహద్దు నెరుగదు గనుక. ఎవరెస్టు దొర త్రికోణములతో కొలుచుట నేర్చుకొన్న హైదరాబాదులోనే రెండు వందల యేండ్ల తరువాత ఈ లెక్క పూర్తియైనది. ఆ పట్టికలో పేరు గలవి బహు స్వల్పము. తక్కినవానికి అంకెలే గుర్తు, ఒకప్పటి పదునైదవ శిఖరమువలె. మేకలకాపరులకో, యాత్రికులకో అవసరము పడిన సరస్సులకు పేరు వచ్చినది. మంచు తగ్గి నిన్న మొన్న పుట్టినవానికి పేరు పెట్టుటకు ఆ దారిని పోయినవారే లేరు. ఇట్టి క్రొత్త సరస్సులు ఏటేట పెరుగుచున్నవి. గ్రామమునకు పైన నున్నది ఏదో, దాని కట్ట యెట్లున్నదో తెలిసికొనుటకు ముందు అంకెయైనను ఉండవలెను గదా.

తెలిసికొన్న తరువాత చేయదగిన పని కూడ కలదు. చోమోలుంగ్మాకు సమీపమున అయిదువేల మీటర్ల యెత్తున ఇమ్జా యను సరస్సు కలదు. 1960 ప్రాంతమున అచటచట నీటి మడుగులుగా మాత్రముండినది, కలిసి పెరిగి రెండు కిలోమీటర్లకు పైగా పొడవైనది. దిగువ లోయలోని షెర్పా పల్లెలు భయపడుచుండగా, 2016లో నేపాల్ సైనికులు ఆ యెత్తునకు సామాను చేర్చి, ఊపిరి చాలక దినమునకు కొలది గంటలే పనిచేయుచు, కట్టను కోసి కాలువ త్రవ్వి, దానికి తలుపులమర్చి, నీటిమట్టమును 3.4 మీటర్లు దించిరి. డెల్టాలో ఏ లస్కరు చూచినను అది తూమేనని గుర్తుపట్టును.